మేక నాకిన నేల

వీరేశం కనబడక పదిహేడు రోజులు.

2011 అక్టోబరు 7, శుక్రవారం. ఉదయం 10.20. నల్లగండ్లలో సగం లేచిన అపార్ట్‌మెంట్ సైట్.

వీరేశం అక్కడ వాచ్‌మన్. సకల జనుల సమ్మె మొదలైన వారానికి గేటు దగ్గరే మాయమయ్యాడు. ఉద్యమంలోకి పోయుంటాడన్నారు స్టేషన్‌లో. సి.ఐ. రంగనాథ్ ఒక్కడికే నమ్మకం కుదరలేదు. బందోబస్తు డ్యూటీలతో ఒళ్లంతా మొద్దుబారిపోయినా ఒక్క సంగతి మాత్రం ముల్లులా ఉండిపోయింది. చెప్పులు గదిలో వదిలేసి ఉద్యమానికి ఎవరు పోతారు, చెప్పండి.

వీరేశం భార్య సక్కుబాయి ఇసుక కుప్ప మీద కూర్చుంది. పక్కన మేక. ఒళ్లో ఎక్స్‌రే కవరు. ఏడుపు ఎప్పుడో ఇంకిపోయింది. గాజులు ఉంచుకోవాలా, తీయాలా? అదొక్కటే ఆమెకు తెలియాలి.

పోలీసులు పిలిపించిన ఆపరేటర్ హర్షిణి, నేల కింద వెతికే రాడార్ బండిని తోస్తోంది. నాలుగు చక్రాలు, పైన స్క్రీన్.

"ఇదేం జేస్తది బిడ్డా?"

"నేలలకు తరంగాలు పంపుతదమ్మా. ఇనుము తగిల్తే గట్టిగ తిరిగొస్తయి. దవాఖానల స్కానింగ్ లేదా, దానికి చుట్టమే."

"మా ఆయన్ని ఆ గుండ్రం మిషిన్ల పండనియ్యలే. తొడల ఇనుప రాడ్ ఉందని. గీ ఫోటో దీసి పంపిన్రు."

రంగనాథ్ ఆగి విన్నాడు. రాడ్ ఉంటే రాడార్‌కు కనబడి తీరాలి.

మధ్యాహ్నం 3.40. పైపులు దొరికాయి. వీరేశం దొరకలేదు. ఐదింటికి బండి వెళ్లిపోతుంది. దాంతో కేసూ మూతపడుతుంది.

"తూర్పు మూల?"

"అక్కడ తరంగం అడుగు లోతు కూడా దిగట్లేదు సార్. నేల తడి."

సైట్‌లో నీళ్లు మామూలే అనుకున్నాడు రంగనాథ్.

అప్పుడు మేక తాడు గుంజుకుని ఆ మూలకే పోయింది. చుట్టూ పచ్చగడ్డి ఉంది. దాన్ని వదిలేసి మట్టి నాకడం మొదలుపెట్టింది.

"ఏందే, గడ్డి చేదైందా?" అంది సక్కుబాయి. తర్వాత మెల్లగా అంది. "ఉప్పుంటేనే గట్ల నాకుతది సార్."

రంగనాథ్ మట్టి వేలికి తీసి నాలుకకు తగిలించాడు. ఉప్పు.

4.15. ట్యాంకర్ డ్రైవర్ కొమురయ్యను, సైట్ ఇంజనీర్ ఆకాష్‌ను పిలిచి ఆ మూలనే నిలబెట్టాడు.

"కొమురయ్యా, ఇక్కడ నీళ్లెప్పుడు పోశావు?"

"నిన్న రెండు గంటలకు సార్."

"నిన్న దసరా."

"గదే నా బాధ సార్. జమ్మి కాడికి పోయేటోన్ని ఆకాష్ సార్ ఫోన్ జేసి పిలిచిండు."

"ఉప్పు?"

"నేనొచ్చేటాలకే పరిచి ఉండె. చెదలకన్నడు."

"చెదలకే సార్," అన్నాడు ఆకాష్.

"బిల్డింగ్ అక్కడ, చెదలు ఇక్కడా? మిషన్ వస్తోందని మంగళవారం మీ ఇద్దరికే చెప్పాను. కొమురయ్యా, రాడార్ అంటే ఏంటి?"

"ఇమానాలకు ఉంటది గద సార్?"

"విన్నావా ఆకాష్? నువ్వైతే మాదాపూర్‌లో కేబుళ్లు వెతుకుతూ ఏడాది ఇదే బండి తోశావు. ఉప్పునీళ్లు తాగిన నేలలో తరంగం చచ్చిపోతుందని నీకు తెలుసు. మేక సంగతే తెలియదు."

ఆకాష్ ఆ తడి నేల మీంచి పక్కకు జరిగాడు.

"సమ్మె, పని బంద్ అని గేటుకు అడ్డం నిలవడ్డడు సార్. ఒక్కసారే తోసిన. గుంతల పడ్డడు. మళ్ల లేవలే."

5.30. నాలుగడుగుల లోతులో పారకు ఇనుము తగిలింది.

హర్షిణి మొహం తిప్పుకుంది. సక్కుబాయి తిప్పుకోలేదు. ఎక్స్‌రే తీసి పొద్దుకు ఎదురుగా పట్టింది. రాడ్ కింద మూడు మరలు. గుంతలోకి, చివికిన తొడలో బయటపడ్డ రాడ్ వైపు చూసింది. మూడు మరలు.

"మా ఆయనే."

గాజులు ఒక్కొక్కటే తీసి ఎక్స్‌రే కవరులో వేసింది. తలెత్తింది.

"మేకకు జర నీళ్లు పెట్టియ్యుండ్రి సార్. పొద్దటిసంది తాగలే. ఉప్పు తిన్నది."