చేతులు వెనక్కి

పొద్దున్నే కుట్టుమిషను చప్పుడు వినిపిస్తేనే ఆ ఇల్లు మేలుకున్నట్టు లెక్క. ఆ రోజు మిషను మోగలేదు. దర్జీ టీ గ్లాసు ముందు పెట్టుకుని గోడ మీది కేలెండరు చూస్తున్నాడు. భార్య కంటి ఆపరేషను తేదీ చుట్టూ నీలం సుద్దతో గుండ్రం గీసింది ఆయనే.

"రేపేగా అమ్మా. ఎన్నింటికి రమ్మన్నారు?" అని కూతుర్ని అడిగాడు.

ఆమె ఫోను తీసి చూసింది. ముఖం పాలిపోయింది. ఆసుపత్రి నుంచి నిన్న మధ్యాహ్నమే మెసేజి వచ్చింది. సాయంత్రంలోగా జవాబివ్వకపోతే తేదీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని. ఆ సమయంలో ఆమె లైబ్రరీలో, ఫోను వాడటం తెలియనివాళ్ళకి నేర్పుతూ ఉంది.

"తేదీ పోయింది నాన్నా. క్లాసులో ఉండి చూసుకోలేదు."

"మీ అమ్మ కంటి సంగతి నీ ఫోనుకెందుకొచ్చింది?"

"నీకు చూడటం రాదు కదా అని నా నంబరిచ్చాను."

"ఎలా వస్తుంది? నేను చెయ్యి పెట్టేలోపే 'ఇటివ్వు నాన్నా' అని లాక్కుంటావు! ఊరందరికీ ఓపిగ్గా నేర్పుతావు. ఇంట్లోవాడికి మాత్రం నీకు తీరిక లేదు."

"రోజంతా అదే చేసొచ్చి, ఇంట్లో కూడా పాఠం చెప్పమంటావా?"

లోపలి నుంచి తల్లి అంది. "కనపడంది నాకు. కొట్టుకునేది మీరా?"

ఎవరూ నవ్వలేదు. కూతురు చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. తండ్రి అన్నది నిజమే కాబట్టి దారంతా ఉడికిపోతూనే ఉంది.

లైబ్రరీ గోడ మీద ఆమె స్వయంగా రాసి అంటించిన కాగితం ఒకటుంది. 'నేర్పేవాళ్ళు ఫోను ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి.' మధ్యాహ్నం పదకొండో టోకెను పిలిచేసరికి ఇస్త్రీ చొక్కాతో, గుడ్డముక్కలో చుట్టిన ఫోనుతో తండ్రి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఆసుపత్రిలో కొత్త తేదీ అడగాలండీ. నంబరు కూడా నాది పెట్టాలి."

ఆ 'అండీ' ఆమె గుండెల్లో గుచ్చుకుంది. ఎక్కడ నొక్కాలో చూపించింది. ఆయన నొక్కాడు. తెర కదల్లేదు. మళ్ళీ నొక్కాడు.

"చూశారా, నేనంటే దీనికి లెక్కే లేదు."

ఆమె చెయ్యి అలవాటుగా ముందుకెళ్ళింది. సగంలో ఆపి చేతులు వెనక్కి కట్టుకుంది. అప్పుడు చూసింది ఆయన వేలిని. నలభై ఏళ్ళు సూదిని నెట్టి నెట్టి చివర కాయకట్టి, తోలులా గట్టిపడిపోయింది. ఆ వేలు తగిలినా తెరకి తెలియడం లేదు. నాన్నకి బుర్రకెక్కదని తీర్మానించుకుంది తను. ఆ వేలిని ఒక్కసారైనా నిదానంగా చూసిందా?

"చిటికెన వేలితో నొక్కు నాన్నా."

తెర కదిలింది. ఆయన ముఖం విచ్చుకుంది.

ముప్పావు గంట పట్టింది. రెండుసార్లు తప్పు జరిగి మొదటికొచ్చారు. ఆమె చేతులు మాత్రం వెనకే ఉన్నాయి. చివరికి ఫోను టింగుమంది. ఆయన కూడబలుక్కుని చదివాడు.

"వచ్చే... గురువారం... తొమ్మిది గంటలకి."

ఆమె కళ్ళు నిండిపోయాయి. "తప్పు నాదే నాన్నా. ఇంటికి ఫోను చేసి అమ్మకి చెప్పనా?"

"వద్దమ్మా." ఆయన ఫోనుని గుడ్డలో చుట్టి జాగ్రత్తగా జేబులో పెట్టుకుని లేచాడు. "నేను వెళ్ళి చెబుతాను. నువ్వు ముందే చెప్పేయకు."

ఆయన గుమ్మం దాటేదాకా ఆమె చేతులు వెనకే కట్టుకుని నిలబడింది.