కొండలమ్మ చెప్పిన అవును

2004 జూన్ 14. మధ్యాహ్నం మూడు ఇరవై. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి.

కొండలమ్మ పుస్తెలు పోయి నాలుగు గంటలు దాటింది. పదకొండు పదికి ఎమ్మారై స్కానింగ్. ఒంటి మీద లోహం ఉండకూడదు. స్ట్రెచర్ తోసింది ఆయా తెరేసమ్మ. ఇప్పుడామె స్టేషన్లో ఉంది. ఐదింటికి కోర్టుకు పంపాలి.

ఆమె చెంప మీద ఐదు వేళ్లూ తేలి ఉన్నాయి. అవి చూశాకే ఎస్సై గుల్షన్ కడుపు మండి ఇక్కడికొచ్చింది.

"ఆమే తీసిందని ఎవరు చెప్పారు?"

"పేషెంటేనండీ. వేలిముద్ర కూడా వేసింది," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ బసవపున్నయ్య.

"ఏమని చెప్పింది?"

"తోటికోడలు సుధామణి అడిగిందండీ, తెరేసమ్మేగా తీసింది అని. అవునంది."

కొండలమ్మ మెదడులో ఎడమవైపు కణితి. ఆపరేషన్‌కు ముందు మాట ఎంత మిగిలిందో పరీక్షించేది స్పీచ్ థెరపిస్టు శివపార్వతి. పొద్దున తొమ్మిదిన్నరకు రాసిన కాగితం తెచ్చిచ్చింది.

దువ్వెన బొమ్మకు జవాబు లేదు. చేప బొమ్మకూ లేదు. చేపలమ్మి బతికిన మనిషి!

కింద ఇరవై ప్రశ్నలు. మీ పేరు సీతమ్మా? అవును. ఇప్పుడు వాన పడుతోందా? అవును. అన్నిటికీ అవునే.

గుల్షన్ మంచం దగ్గరికెళ్లింది.

"కొండలమ్మగారూ, మీ పుస్తెలు తీసింది ఈ బసవపున్నయ్యేనా?"

"అవును."

ఆయన ముఖం పాలిపోయింది.

"చెప్పేసిందిగా. చెంప ఇటు తిప్పవయ్యా!"

కొండలమ్మ మెడలో పసుపుకొమ్ము ఉంది. మెడ బోసిగా ఉండకూడదని కట్టారు; స్కానింగ్ గదిలోకి వెళ్లేటప్పటికే ఉందని అక్కడి రిజిస్టర్లో రాసి ఉంది. పోయిన బంగారం అందరూ వెతికారు. బదులుగా కట్టినదాన్ని ఎవరూ చూడలేదు.

గుల్షన్ దారాన్ని చేతిరుమాలుతో తుడిచింది. పసుపు వదిలి నీలం బయటపడింది. నైలాన్.

"ఇదెవరు కట్టారు?"

"ఆయానేమోనండీ," అన్నాడు భర్త ఎల్లారావు. "నేను బ్లడ్ బ్యాంకులో ఉన్నా. పదకొండున్నరకి రసీదు ఇచ్చారు."

"ఇక్కడ ఆయాలు కట్టేది నూలుదారం. ఇది వలదారం."

వరండాలో సుధామణి వల అల్లుతోంది. ఒళ్లో నీలం దారం ఉండ.

"ఎప్పుడొచ్చావ్?"

"పన్నెండున్నరకండీ. బందరు బస్సుకి."

"మరి నీ దారం పదకొండింటికే వచ్చి మీ అక్క మెడకెలా చేరింది?"

సుధామణి చేతులు ఆగాయి.

"ఆ ముడి వెయ్యకపోతే దొరికేదానివే కాదు."

"ఉట్టి మెడతో ఎట్టా పంపమంటారండీ? బావగారు బతికుండగా!" నోరు జారాక గాని ఆమెకు తెలియలేదు. "ఎలాగూ బతకదనుకున్నా..."

పుస్తెలు వల మడతలో దొరికాయి.

"మేడమ్, కొత్త కంప్లైంటు రాసి పేషెంటు వేలిముద్ర..." అన్నాడు బసవపున్నయ్య.

"ఆ వేలు ముట్టుకున్నావంటే నీ బెల్టు ఊడదీయిస్తా!"

ఐదున్నరకు తెరేసమ్మ వార్డులోకి వచ్చింది. కొండలమ్మ ఆమె వాచిన చెంపను వేళ్లతో తడిమింది. కళ్లలో నీళ్లు.

"అవును... అవును?"

"లేదమ్మా, నొప్పి లేదు," అంది తెరేసమ్మ.