మీటరున్నర దెయ్యం

చీకటి పడ్డాక ఆ రైలు వంతెన కింద నుంచి సైకిల్ మీద వెళ్లడమంటే... ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని వెళ్లడమే. ఊరంతా ఎరిగిన సంగతి. దారి పొడుగు నూరడుగులుండదు. రెండు వైపులా చెమ్మ పట్టిన గోడలు, పైన ఒకే ఒక్క దీపం — అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడే వెలుగుతుంది. నాలుగేళ్లలో అయిదుగురు సైకిల్ వాళ్లు అక్కడ పడి చచ్చిపోయారు. పడి కూడా బతికి బయటపడ్డవాళ్లంతా ఒకటే మాట చెప్పారు. ముందు ఎవరో గోడకేసి నెడతారట... ఆ వెంటనే కాలరు పట్టుకుని రోడ్డు మీదికి లాగుతారట. తిరిగి చూస్తే — ఎవరూ ఉండరట!

అందుకని అక్కడి సైకిల్ వాళ్లకో ఆనవాయితీ ఉంది. వంతెన ముందు ఆగి మూడుసార్లు బెల్లు కొట్టాలి. దెయ్యం రోడ్డు నడిమధ్య నిలబడుతుంది కాబట్టి గోడని రాసుకుంటూ పోవాలి. తల తిప్పకూడదు. ఆస్పత్రి లాండ్రీలో రెండో షిఫ్టు దిగే ఆడవాళ్లయితే, బెల్లు పాడైపోతే నోటితోనైనా ట్రింగు ట్రింగుమనేవారు. నవ్వకండి. ఆ వేళప్పుడు అక్కడుంటే మీరూ అనేవారే.

అననిది ఒక్కతే. ఇస్త్రీ అక్క.

లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది కాబట్టి ఆ పేరు. ఆవిడ తమ్ముడు కరెంటు పనివాడు. సైకిల్‌కి చిన్న నిచ్చెన కట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు. నిరుడు వానల్లో ఆ వంతెన కిందే పోయాడు. కాగితాల్లో ఏం రాశారో తెలుసా? "అదుపు తప్పి పడినాడు. ఏ వాహనమూ తాకలేదు." అంతే! పాతికేళ్ల మనిషికి రెండు ముక్కలు.

అక్క ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఇక చాలనుకుని సంతకాలు మొదలుపెట్టింది. సైకిల్‌ని దాటిపోయే బండి ఏదైనా సరే మీటరున్నర ఎడం వదలాలి, వదలకపోతే నేరం — అలా చట్టం చేయమని ఏడు నెలలు ఎక్కిన గడప ఎక్కకుండా తిరిగింది. నాలుగు వేల సంతకాలయ్యాయి. రోడ్ల ఇంజినీరు ఆ కట్టని వేలితో అలా పక్కకి జరిపాడు.

"బండి తాకనే లేదు కదమ్మా! ఇక బండి మీద చట్టమేమిటి? రేపు పదింటికి కౌన్సిల్లో ఇదే చెప్పి సంతకం పెట్టేస్తాను."

ఆయన సంతకం పడిందా, అక్క అర్జీ చెత్తబుట్టకే. తమ్ముడు అదుపు తప్పినవాడిగానే మిగిలిపోతాడు.

ఆ రాత్రి షిఫ్టు దిగాక అక్క ఒక కర్రని మీటరున్నరకి కొలిచి కోసింది. చిరిగిన ఆస్పత్రి దుప్పటి ముక్కొకటి దాని కొనకి కట్టింది. దుప్పట్లు మడతలు పెట్టే పిన్ని అది చూసి గుండెలు బాదుకుంది.

"ఎక్కడికే?"

"దెయ్యాన్ని చూసొస్తాను పిన్నీ."

"నోర్ముయ్!" పిన్ని గొంతు గుసగుసలోకి దిగింది. "దాంతో పెట్టుకుని నెగ్గినవాళ్లున్నారటే?"

"ఆఫీసర్లతోనే పెట్టుకున్నాను. దెయ్యం ఒక లెక్కా?"

వంతెన దగ్గర అక్క బెల్లు కొట్టలేదు. కర్రని సైకిల్‌కి పొడుగ్గా ఆనించి కట్టి, అందరిలాగే గోడ వారగా లోపలికి పోయింది. ఒక్క గజం... రెండు గజాలు... నీళ్ల బొట్లు టపటపా పడుతున్నాయి. వెనకాల ఏదో గుర్రుమంది. గోడలు రెండూ అదురుతున్నాయి. ఇంతలో —

నెట్టింది!

మోచెయ్యి గోడకి గీసుకుపోయింది. హాండిల్ సర్దుకునే లోపే... కాలరు పట్టి లాగినట్టు ఒళ్లంతా రోడ్డు మీదికి వాలిపోయింది. అక్క కాలు నేలకి తన్నిపెట్టి ఎలాగో నిలబడింది. ఎదురుగా లారీ వెనక దీపాలు ఎర్రగా వెళ్లిపోతున్నాయి.

ఇంకొకరైతే పరుగో పరుగు. అక్క మాత్రం గోడకి వీపు ఆనించి నిలబడింది. అయిదు నిమిషాలు... పావుగంట... దారి ఖాళీ. దెయ్యమూ లేదు, దాని జేజమ్మా లేదు! మళ్లీ ఒక లారీ వచ్చింది. కర్ర కొననున్న దుప్పటి ముక్క ముందు గోడకేసి కొట్టుకుంది. లారీ దాటగానే దాని వెనకాలే పోతానని గుంజుకుంది.

గాలి. ఒట్టి గాలి! జానెడు దూరంలోంచి దూసుకుపోయే లారీ గాలి. గోడ వారగా ఒదిగి ఒదిగి, పక్కనుంచి దూరిపోవే అని మనమే దానికి చోటిస్తున్నాం కదా!

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. కర్రని వెనక సీటుకి అడ్డంగా కట్టి, దుప్పటి ముక్క రోడ్డు వైపుకి వేలాడేసి, ఈసారి దారి నడిమధ్య నుంచే తొక్కింది. దీపం కూడా అప్పుడే కొండెక్కింది. వెనకాల లైట్లు పడ్డాయి... తెల్లగుడ్డ ఎగిరింది...

కీచుమని బ్రేకు! లారీ అవతలి గోడని దాదాపు నాకుతూ, నడకకంటే నెమ్మదిగా, ఆవిణ్ణి దాటింది. దాటి, వంతెన బయట ఆగిపోయింది.

సిమెంటు లోడు లారీ. డ్రైవరు నడివయసు మనిషి, స్టీరింగు వదలకుండా తల బయటికి పెట్టాడు.

"నువ్వు... మనిషివేనా అక్కా?"

"కాకపోతే?"

"హమ్మయ్య! దెయ్యమనుకున్నాను. అందుకే అంత దూరం జరిగాను."

"మనిషినని తెలిస్తే?"

"మనిషైతే... హారన్ కొట్టి పోతాం." ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "ఇక్కడ దెయ్యం నిజంగానే ఉందక్కా. నేను కళ్లారా చూశాను. నిరుడు వానల్లో ఒక కుర్రాడు... సైకిల్‌కి నిచ్చెన కట్టుకుని పోతున్నాడు. హారన్ కొట్టాను. నేను తాకలేదు, నా పిల్లల మీద ఒట్టు! అద్దంలో చూస్తే... ఎవరో లాగినట్టు పడిపోయాడు."

చేతికందితే ఆ మనిషిని చంపేసేదే. తమ్ముడి చావుకి కారణమైన మనిషి, తన తప్పు తనకే తెలియకుండా ఎదురుగా కూర్చుని ఒట్లేస్తున్నాడు. ఆవిడకి ఏడుపొచ్చింది, మింగేసింది.

"వాడు నా తమ్ముడు," అంది. "దిగు. ఆ గోడ దగ్గర నిలబడు. ఇంకో లారీ వచ్చేదాకా నిలబడు."

అతను దిగాడు. నిలబడ్డాడు. లారీ వచ్చింది, పోయింది. చీకట్లో అతని మొహం కనబడలేదు గానీ, రోడ్డు మీద మోకాళ్ల మీద కూలబడ్డ చప్పుడు మాత్రం వినబడింది.

మర్నాడు పదింటికి కౌన్సిల్ హాలు కిక్కిరిసింది. లాండ్రీ ఆడవాళ్లంతా సెలవు పెట్టి మరీ వచ్చారు. ఇంజినీరు కాగితం ముందు పెట్టుకుని, సాక్షిగా నిలబడ్డ లారీ డ్రైవర్ని చూసి చిరాకు పడ్డాడు.

"సుత్తి వద్దు. నీ లారీ ఆ సైకిల్‌ని తాకిందా, లేదా?"

"తాకలేదు సార్."

ఇంజినీరు 'చూశారా' అన్నట్టు హాలంతా కలయజూసి పెన్ను మూత తీశాడు.

"తాకకుండానే చంపాను సార్," అన్నాడు డ్రైవరు. "పక్కన బోలెడు చోటుంది. నిన్న రాత్రి ఈ అక్కని దెయ్యమనుకుని జరిగాను. ఆ రోజు మనిషేనని తెలుసు... జరగలేదు."

ఇంజినీరు పెన్ను గాల్లోనే ఉండిపోయింది.

ఇస్త్రీ అక్క లేచి నిలబడింది.

"రాసుకోండి సార్," అంది. "ఈసారి మనిషి చంపాడని రాయండి."