ఏడో గుంత కాడి అడుగులు

సౌదీల ఖతీఫ్ అవతల సముద్రం ఒడ్డుకు ఒక పాత గోల్ఫ్ మైదానం ఉంది. పొద్దుగూకినంక దాని ఏడో గుంత దిక్కు ఎవ్వడు పోడు. పాకిస్తానోడు పోడు, బంగ్లాదేశోడు పోడు. మనోళ్ల సంగతైతే అడగనే అడగకుండ్రి... అటు చెయ్యి సుత చూపరు.

నేను కండ్లార చూడలె. భూమేష్ చెప్తే ఇన్న. వాడు కోరుట్ల దిక్కోడు, అబద్ధం అల్లేటంత తెలివి వానికి లేదు.

మైదానమంటే పచ్చగ ఉంటదనుకునేరు. గడ్డిపోచ ఉండదు! ఎన్కట నూనె బావులకు వచ్చిన తెల్లోళ్లు ఆట లేక పిచ్చెక్కి, ఇసుక దిబ్బల నడుమ గుంతలు చేసుకున్నరు. బంతి కొట్టాలంటే కింద ప్లాస్టిక్ గడ్డి ముక్క ఏసుకోవాలె. గుంత చుట్టు మాత్రం ఇసుకల నూనె కలిపి నల్లగ చదును చేస్తరు. ఒక జట్టు ఆడి పోంగనే అడుగులు చెరిగిపోయేటట్టు దాని మీద చాప గుంజాలె. గా చాప గుంజుడే భూమేష్ పని.

మాపటికి చదును చేసి పోతడా... తెల్లారేసరికి ఏడో గుంత కాడ అడుగులు. చెప్పుల్లేని కాళ్లు. అన్ని సముద్రం దిక్కే. తిరిగొచ్చిన అడుగు ఒక్కటంటే ఒక్కటి లేదు.

చేపలకు పోయి మునిగినోని దయ్యమని ఒకడనె. జిన్ను అని డ్రైవర్ అబ్దుల్ ఘనీ ఒట్టేసె.

అప్పుడు సౌదోళ్లకే కొలువులియ్యాలనే నితాకత్ కానూను దెబ్బకు కంపెనీ ఎరుపు పట్టీల పడ్డది. మనిషికింత కట్టే లెవీ పేరు చెప్పి ముదీర్, అదే మేనేజరు, అందరి మీద మొరుగుతుండె. పనికి పిలిపించుకున్న కఫీల్ హురూబ్ పెడితే, అదే పారిపోయిండని రాపిస్తే, దాక్కొని బతికినోళ్లందరు మాఫీ వచ్చిందని బయటికొచ్చిండ్రు. జైలు లేదు, జుర్మానా లేదు, సక్కగ ఇంటికి పోయిండ్రు. ఉండనిచ్చే అకామా కాయిదం సక్కగున్న భూమేష్ మాత్రం ఇరికిండు. దేశం దాటనిచ్చే వాని ఎగ్జిట్ కాయిదం ముదీర్ చేతుల ఉండె. ఇంటికాడ వాని పెండ్లాం శ్రీలతకు నెలలు నిండినయ్. కాన్పుకు ఇంట్ల ఉండాలె – వానికి అదొక్కటే రంది.

గా పొద్దు ఒక ముసలి తెల్లాయన ఆడనీకి వచ్చిండు. వాళ్ల నాయిన ఎన్కట ఇక్కడ ఆడెనట. ఆ నాయిన బంతి కొట్టిన కర్రనే పట్టుకొచ్చిండు – కట్టె పిడి, కొసకు ఇత్తడి. ఒక్కొక్క గుంత కాడ ఫోటో దిగుకుంట, కండ్లు తుడుసుకుంట ఆడిండు. చీకటి పడ్డది. కారెక్కబోయి ఒక్కసారి లబలబలాడిండు. కర్ర ఏడో గుంత కాడ మర్చిండు!

ముదీర్ భూమేష్ దిక్కు తిరిగిండు.

"పొయ్యి తే. తెస్తే రేపే ఎగ్జిట్. తేకపోతే నీ బిడ్డను ఫోన్లనే చూసుకో."

ఏం మనిషివయ్యా నువ్వు! నీ నోట్ల మన్ను పడ.

అబ్దుల్ ఘనీ టార్చి ఇచ్చిండు గని తోడు రాలె. భూమేష్ ఒక్కడే పోయిండు. ఉప్పు గాలి... అలల సప్పుడు... కాళ్లు ఇసుకల కూరుకపోతున్నయ్.

ఏడో గుంత కాడ తెల్లాయన బూట్ల గుర్తులున్నయ్. వాటి మీదికెల్లి చెప్పుల్లేని అడుగులు. తాజాగున్నయ్. సముద్రం దిక్కు.

కర్ర లేదు.

టార్చి ఎత్తిండు. నీళ్ల కాడికెల్లి ఒకటి వస్తుంది. ముఖం సముద్రం దిక్కు... వీపు వీని దిక్కు. ఎనుకకెనుకకు నడుసుకుంట వస్తుంది. చేతుల కర్ర.

"ఎల్లమ్మ తల్లీ..."

అది ఆగింది. గిర్రున తిరిగింది. కర్ర లేపింది.

"ఎవడ్రా? నోరు లేపితే తల పగులుతది."

తెలుగు!

రొమ్ముల దాక గడ్డం. అయినా భూమేష్ గుర్తువట్టిండు. క్యాంపుల వంట చేసిన రాజేశం. జీతం కాడ ముదీర్‌తోని లొల్లి పెట్టుకుంటే హురూబ్ పడ్డది. ఎటో పారిపోయిండని అందరు మర్చిపోయిండ్రు.

"రాజేశమన్నా... నేను, భూమేష్‌ను."

కర్ర దిగింది. "పాత ట్యాంకు గదిల ఉంటున్న తమ్మీ. చీకటి పడ్డంక ఎండ్రికాయలకు వస్త. వాపసు పోయేటప్పుడు ఎనుకకు నడుస్త. అడుగులు చూసినోడు సముద్రంల దేవులాడాలె గని గది దిక్కు రావద్దు." కిసుక్కున నవ్విండు. "మస్తు భయపడ్తుండ్రు గదా?"

భూమేష్ తన ఎగ్జిట్ సంగతి చెప్పిండు. రాజేశం కర్ర వాని చేతుల పెట్టిండు.

"తీస్కపో. ఇంటికి పోయినంక మా లస్మవ్వకు చెప్పు, బతికే ఉన్న అని. ఫోను సచ్చి ఏడాదాయె. జైలుకైతే నేను పోను. ఎన్నడో ఒకనాడు మాఫీ ఇయ్యకపోతరా... ఇచ్చిన్నాడే ఉరుకొస్త."

భూమేష్ టార్చి కిందికి దించిండు.

"అన్నా... మాఫీ ఇచ్చిండ్రు. అందరు పోయిండ్రు. మొన్ననే బందువెట్టిండ్రు."

రాజేశం ఇసుకల తన అడుగుల దిక్కు చూసిండు.

"మరి... ఒక్కడన్న వచ్చి నాకు చెప్పకపాయెనా?"

"ఎవలొస్తరన్నా ఇటు... అందరికి నువ్వంటేనే భయమాయె."