కలిపేసిన గుండీలు

కోడలు స్నానం ముగించి వచ్చేసరికి హాల్లో నేల కనిపిస్తోంది. ఆ నేల మీద సీసా మూతలు, అట్టముక్కలు, ఊలు పోగులు, పెద్ద పళ్లెం నిండా రకరకాల గుండీలు ఉండాలి. ఇంటింటికీ తిరిగి, "ఇవెందుకమ్మా నీకు" అని నవ్వినవాళ్లకు జవాబు చెప్పుకుంటూ పోగు చేసినవి. ఇవాళే ఆమె టీచరుగా బడిలో అడుగు పెట్టబోయేది, అదీ ఒకటో తరగతిలో.

"వెతుక్కోకు, అన్నీ సర్దేశాను," అంటూ అత్తగారు వంటింట్లోంచి వచ్చారు. ఆవిడ కుట్టుపనిలో తల నెరిసిన మనిషి. ఆ ఇంట్లో సూది కూడా చెప్పిన చోటే ఉండాలి. "గుండీలు చూడు, ఏ రంగుకి ఆ డబ్బా! నువ్వు స్నానం చేసొచ్చేలోపే ఏరి పెట్టా. ఇక పిల్లలకి చూపించడమే నీ పని."

డబ్బాలు ముచ్చటగానే ఉన్నాయి. కోడలు ఒక్కొక్కటే మూత తీసి, అన్నీ పళ్లెంలోకి గుమ్మరించి, రెండు చేతులతో కలిపేసింది.

"అయ్యయ్యో! ఏంటే ఆ పని!"

"వేరు చేయాల్సింది పిల్లలు అత్తయ్యా. మీరే చేసేస్తే వాళ్లకింకేం మిగులుతుంది?"

అత్తగారి మొహం మాడిపోయింది. "అంటే నడుం పడిపోయేలా నేను చేసిందంతా దండగన్నమాట. పలకా బలపం చాలవా? చెత్త ఏరుకొచ్చి ఇల్లంతా పరిస్తే దాన్ని చదువంటారా? రేపట్నుంచి ఇవి గుమ్మం దాటి లోపలికి రావడానికి వీల్లేదు!"

బ్రష్ నోట్లో పెట్టుకుని వచ్చిన కొడుకు తల్లినీ పెళ్లాన్నీ చూసి, వచ్చిన దారినే జారుకున్నాడు. ఇలాంటప్పుడు ఆయనగారికి పళ్లు తోముకోవడం కన్నా ముఖ్యమైన పని ఉండదు.

"వస్తాయి," అంది కోడలు. "మీ మిషను హాల్లో ఉంటే పని, నా మూతలుంటే చెత్తా? ఇదీ పనే అత్తయ్యా. నా గదిలో పెట్టుకోమంటే పెట్టుకుంటా. పారేయమంటే మాత్రం పారేయను."

ఆవిడకు ఇన్నేళ్లలో ఎదురు చెప్పినవాళ్లు లేరు. నేల మీద కూలబడి, గుండీలను మళ్లీ రంగుల ప్రకారం ఏరడం మొదలుపెట్టారు. కోపమొచ్చినా ఆ చేతులు ఊరుకోవు.

కోడలు ఎదురుగా చతికిలబడింది. "ఎందుకలా పెట్టారు?"

"ఎందుకేంటి? రంగు చూసి."

"ఇంకోలా పెట్టొచ్చా?"

అత్తగారు గుర్రుగా చూశారు. చెయ్యి మాత్రం ఆగింది. రెండు కన్నాలవి ఒకవైపు, నాలుగు కన్నాలవి ఒకవైపు జరిపారు. అదీ చెరిపేసి, చొక్కాలవి, కోటులవి, పసిపిల్లల గౌనులవి అంటూ కొత్త కుప్పలు పెట్టారు. పెడుతూ పెడుతూ ఉండగా ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయ్యో, ఏమైంది అత్తయ్యా?"

"ఏం లేదులే. మా బడిలో తప్పంటూ కొట్టినవాళ్లే గానీ, ఎందుకలా చేశావని అడిగినవాళ్లు ఒక్కరూ లేరే."

అత్తగారు కొంగుతో కళ్లు తుడుచుకుని పళ్లెం తనవైపు లాక్కున్నారు.

"నీకింకా టైముందిగా. ఇంకోటి అడుగు."