ఎడంకాలి క్లచ్చి

ఉదయం ఏడు గంటలకి మాస్టారు రెండు టీ కప్పులతో గదిలోకి వచ్చేసరికి భార్య కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఎడమ పాదానికి తువ్వాలు మెలేసి తనవైపు లాక్కుంటోంది. రోజూ చేసే వ్యాయామమే. లాగాలి, పది లెక్కపెట్టాలి, వదలాలి. ఈవేళ మాత్రం ఆమె లెక్క తప్పింది. చూపు పాదం మీద లేదు, పెరట్లో ఉంది.

“చూశారా వాడి నిర్వాకం?” అంది.

నిన్న గడ్డి కోయడానికి వచ్చిన మనిషి సగం పెరడు కోసి, సగం వదిలేసి వెళ్ళాడు. కోసినంతమేరా నేల బొబ్బలెక్కినట్టుంది. పైగా మూడేళ్ళ నిమ్మచెట్టుకి మొదలు చుట్టూ బెరడు ఒలిచిపెట్టాడు.

“మనిషి దొరకడమే గగనంగా ఉంది. ఏదోలా కానీలే,” అన్నారు మాస్టారు.

“ఏదోలా కానివ్వడానికి నేనింకా చావలేదు. ఇక రావద్దని చెప్పండి. నేనే కోసుకుంటాను.”

“ఏ కాలితో?”

మాట నోరు జారింది. మాస్టారు నాలుక కరుచుకున్నారు. ఆమె టీ కప్పుని కిటికీ గట్టు మీద పెట్టింది.

“కుడికాలితో,” అంది. “అది చాలకపోతే చేత్తో.”

ఆ వీధిలో ఆమెని అందరూ స్పానరమ్మ అంటారు. బట్టల ఫ్యాక్టరీలో ఇరవయ్యారేళ్ళు కుట్టుమిషన్లు బాగుచేసింది. మూడువందల మిషన్లలో ఏది ఏ రోజు మొరాయిస్తుందో చప్పుడు విని చెప్పేదట. ఫ్యాక్టరీ మూసేసిన రోజున గోదాములో ముక్కలుగా పడున్న, గడ్డి కోసే చిన్న తోట ట్రాక్టరుని చూసి మేనేజరు, “దీన్ని ఇనపసామాన్లవాడు కూడా ముట్టుకోవడం లేదమ్మా, కావాలంటే తీసుకెళ్ళు” అన్నాడు. నాలుగు నెలల్లో దాన్ని నడిపించింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు పెరడంతా ఆమే కోసింది. తన పెరడు అయ్యాక పక్కింటివాళ్ళదీ కోసిపెట్టేది.

పద్నాలుగు నెలల క్రితం ఆ ట్రాక్టరు నడుపుతుండగానే పక్షవాతం కొట్టింది. ఎడమ చెయ్యి ముప్పాతిక వంతు తిరిగి వచ్చింది. ఎడమ కాలు తొడ దగ్గర లేస్తుంది గాని పాదం వేలాడుతుంది. ట్రాక్టరుకి క్లచ్చీ, బ్రేకూ కలిసిన పెడలు ఉన్నది సరిగ్గా ఆ పాదం కిందే.

ఆ ఉదయమే ఆమె కర్ర పట్టుకుని షెడ్డుకి వెళ్ళింది. దుప్పటి లాగితే దుమ్ముతోపాటు ఎలుక గూడు కూడా ఊడిపడింది. టైర్లు నేలకి కరుచుకుపోయాయి. ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వార్నిషు వాసన కొట్టింది. అయినా ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి ఆమెకి తన ఇంటికి తను వచ్చినట్టనిపించింది.

రోజుకో పని పెట్టుకుంది. కార్బొరేటరు విప్పి, సన్నటి రాగితీగతో రంధ్రాలు పొడిచి, పేరుకున్న జిగురంతా కడిగింది. బ్యాటరీ కొసల మీద పూసిన తెల్లటి బూజుని వేడినీళ్ళూ, తినే సోడాతో వదలగొట్టింది. బీటలు వారిన బెల్టు మార్చింది. ఎడమ చేతికి పట్టు చాలదు కాబట్టి నట్టుని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని తిప్పేది. పదింట్లో ఆరు కింద పడేవి. వంగడం కష్టమని కర్ర కొసకి అయస్కాంతం కట్టుకుంది. పడ్డ నట్టు టక్కుమని కర్రకి అంటుకున్నప్పుడల్లా ఎవరినో ఓడించినట్టు నవ్వుకునేది.

పెడలు సంగతి తేల్చడానికి వెల్డరుని పిలిచింది. ఫ్యాక్టరీలో ఆమెతో కలిసి పనిచేసినవాడే.

“పెడలు కోసేద్దామా అక్కా?”

“దాని జోలికి పోకు. దానికే ఒక కడ్డీ అతికించి నా కుడిచేతి పక్కకి తీసుకురా. కాలు చేసే పని చెయ్యి చేస్తుంది.”

“మరి కుడిచెయ్యి క్లచ్చి పడితే స్టీరింగో?”

“ఎడమ చేతికి పిడికిలి బిగుస్తుంది. చక్రానికి ఒక గుబ్బ బిగించు, అది పట్టుకుని తిప్పుతాను.”

వెల్డరు బుర్ర గోక్కున్నాడు. “బావగారు ఒప్పుకున్నారా?”

“బావగారికి క్లచ్చికీ కుండకీ తేడా తెలీదు. నువ్వు అతికించు.”

మొదటి కడ్డీ పొట్టిదైపోయింది. ఆమె ఒళ్ళంతా వేసి లాగినా కదల్లేదు. రెండోది లాగితే వంగింది. మూడోదాన్ని మూరెడు పొడవు పెంచి, మందం పెంచి వేయించింది. అప్పుడు లాగితే వచ్చింది. ఒక్క కుడిచేత్తో, ఆయాసం లేకుండా, పెడలు కిందిదాకా దిగింది. వెల్డరు ముఖానికున్న అద్దం పైకెత్తి, “అమ్మో, స్పానరమ్మ బతికే ఉంది,” అన్నాడు. ఆ మాటకి ఆమెకి కళ్ళు చెమర్చాయి. పొగ అని తుడుచుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఇంజను రాజుకుంది. రెండుసార్లు దగ్గి, నల్లగా పొగ కక్కి, ఆ తర్వాత నిలకడగా అందుకుంది. ఆ చప్పుడు వినగానే మాస్టారు చేతిలో పుస్తకం కింద పెట్టేసి, చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళిపోయారు. ఇంజను ఆపిన గంటకి గాని ఇంటికి రాలేదు. ఎక్కడికి వెళ్ళారని ఆమె అడిగితే, “ఊరికే” అన్నారు.

ఆదివారం పొద్దున్నే ఆమె టోపీ పెట్టుకుని షెడ్డుకి వెళ్ళింది. సీటు ఎక్కడానికే అయిదు నిమిషాలు పట్టింది. తాళం తిప్పింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. దిగి మూత ఎత్తి చూసింది. బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ. రెండు వైర్ల కొసలకీ కాగితం చుట్టి, దారంతో పొందికగా ముడివేసి ఉంది.

దొంగ అంత శ్రద్ధగా కట్టడు. ముప్పై ఏళ్ళు బళ్ళో పుస్తకాలకి అట్టలు వేసిన చేతులే అలా కడతాయి.

హాల్లోకి వచ్చేసరికి కూతురు కూడా ఉంది. ఆసుపత్రిలో నర్సు. ఆదివారాలు ఇటువైపు వస్తుంది గాని ఇంత పొద్దున్నే రాదు. తండ్రీ కూతురూ ఒకే సోఫాలో, తప్పు చేసిన పిల్లల్లా ఒదిగి కూర్చున్నారు.

“బ్యాటరీ ఎక్కడ?” అంది స్పానరమ్మ.

“నా కారులో ఉంది,” అంది కూతురు. “పదకొండింటికి మొక్కల నర్సరీ ఆయన వస్తున్నాడు. ట్రాక్టరు తీసుకెళ్ళిపోతాడు. నాన్నా నేనూ మాట్లాడేశాం.”

“ట్రాక్టరు ఎవరిది?”

“అమ్మా...”

“ఎవరిదని అడిగాను.”

“నీదే! కాదన్నామా? నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఎలాగమ్మా?”

“నాకూ మూడేగా. రెండు కాళ్ళూ, ఒక కర్రా. మా ఇద్దరికీ జోడీ కుదిరింది.”

కూతురికి నవ్వు రాలేదు. లేచి నిలబడింది. “జోకులొద్దు. నేను రోజూ వార్డులో చూస్తున్నాను. రెండోసారి వస్తే ఎలా ఉంటుందో నీకు తెలీదు.”

“తెలుసు. మొదటిసారి వచ్చింది నాకే. డాక్టరు ఏమన్నాడు? రోడ్డు మీద బండి నడపొద్దన్నాడు. పెరట్లో పని చెయ్యొద్దనలేదు. అది మనిషి నడకకన్నా వేగం పోదు.”

“పడితే?”

“పడితే లేస్తాను. కూర్చోబెట్టేస్తే మాత్రం లేవలేను.” ఆమె గొంతు పెరిగింది. “పద్నాలుగు నెలలు! అన్నం కలిపి పెట్టారు, తల దువ్వారు, కిటికీ పక్కన కూర్చోబెట్టారు. నన్ను బతికించుకున్నారు, సంతోషం. ఇప్పుడు బతకనివ్వండి కూడా. నా వస్తువుని, నా వెనకాల, నేను నిద్రపోతుంటే అమ్మకానికి పెడతారా? కాలు పడిపోయింది గాని నోరు పడిపోలేదే! ఒక్క మాట అడగలేకపోయారా?”

కూతురు తల దించుకుంది. అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న మాస్టారు నెమ్మదిగా అన్నారు.

“దాన్ని అనకు. బ్యాటరీ తీసింది నేను. నర్సరీ ఆయనకి ఫోన్ చేసింది నేను.”

“ఎందుకని?”

“ఆ చప్పుడు నేను వినలేను.”

“చప్పుడా? తొమ్మిదేళ్ళు విన్నారుగా!”

మాస్టారు కళ్ళజోడు తీశారు. తుడవలేదు, ఊరికే చేతిలో పట్టుకున్నారు. “ఆ రోజు నేను వరండాలోనే ఉన్నాను. పేపరు చదువుకుంటున్నాను. ఇంజను చప్పుడు వినిపిస్తూనే ఉంది. కోస్తున్నావనుకున్నాను. నలభై నిమిషాలు... నలభై నిమిషాలు నేను పేపరు చదివాను. నువ్వేమో చెట్టుకింద పడి ఉన్నావు. ట్రాక్టరు దానంతటది వెళ్ళి గోడకి ఆనుకుని మోగుతూనే ఉంది. ఆ మోతలో నువ్వు పిలిచినా నాకు వినబడేది కాదు. చప్పుడు ఉన్నంతసేపూ నువ్వు బాగానే ఉన్నావనుకున్నాను...”

కూతురు ఆశ్చర్యంగా తండ్రివైపు చూసింది. ఇన్నాళ్ళూ ఆయన ఎవరితోనూ ఈ మాట అనలేదు. వెంటనే తీసుకొచ్చి ఉంటే కాలు కూడా దక్కేదేమోనని ఆసుపత్రిలో ఎవరో అన్న మాటని ఒక్కరే మోసుకుని తిరిగారు.

స్పానరమ్మ కర్ర గోడకి ఆనించి, ఆయనకి ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుంది.

“నేనూ ఒకటి చెప్పాలి,” అంది. “ఆ ట్రాక్టరుకి సీటు కింద ఒక స్విచ్చి ఉంటుంది. మనిషి బరువు లేస్తే ఇంజను ఆగిపోవాలి. గతుకు వచ్చినప్పుడల్లా ఆగిపోయి విసిగిస్తోందని, దాన్ని పీకేసి వైర్లు కలిపేశాను. అయిదేళ్ళ క్రితం. నేనే.”

మాస్టారు తలెత్తారు.

“అది ఉండి ఉంటే నేను పడిన మరుక్షణం చప్పుడు ఆగేది. మీరు వచ్చేవారు. తప్పు మీ చెవిది కాదు మాస్టారూ, నా చేతిది. ఇరవయ్యారేళ్ళు మెకానిక్కుని, తెలిసి తెలిసి చేశాను. అందుకే ఎవరికీ చెప్పలేదు. సిగ్గేసింది.”

“అమ్మా!” అంది కూతురు. అందులో సగం కోపం, సగం ఏడుపు.

“తిట్టు. ఆ ఒక్కదానికీ తిట్టు, పడతాను. కానీ ట్రాక్టరు మాత్రం ఇవ్వను. కొత్త స్విచ్చి వేశాను. పదిసార్లు చూసుకున్నాను. ఇక చప్పుడు వినబడుతున్నంతసేపూ నేను సీటు మీదే ఉన్నట్టు. ఆగితే రండి.” ఆమె మాస్టారి చేతిలోంచి కళ్ళజోడు తీసుకుని, చీర చెంగుతో తుడిచి ఇచ్చింది. “మీకు భయమైతే నా దగ్గర భయపడండి. నా వెనకాల భయపడకండి.”

గేటు దగ్గర హారను మోగింది. నర్సరీ యజమాని చెప్పిన టైము కంటే ముందే చిన్న లారీతో దిగాడు. కూతురు తల్లివైపు చూసింది, తల్లి కదల్లేదు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని లేచి, గేటు దాకా వెళ్ళారు.

“అమ్మడం లేదండి,” అన్నారు.

“అదేంటండీ? నిన్న ఫోన్‌లో ఖాయం చేశారుగా!”

“నిన్న మాట్లాడింది నేను. బండి నాది కాదు.”

లారీ సణుక్కుంటూ వెనక్కి తిరిగింది. కూతురు కారు దగ్గరికి వెళ్ళి, బ్యాటరీని పసిపిల్లలా రెండు చేతులా ఎత్తుకొచ్చింది.

“ముందు ఎర్రది,” అంది స్పానరమ్మ షెడ్డులో. “గట్టిగా బిగించు. సూదులు గుచ్చేటప్పుడు అంత గట్టిగా ఉంటావే, ఇప్పుడేమైంది?”

“నేను నీ పక్కనే నడుస్తాను.”

“బ్లేడు తిరుగుతుంటే పక్కకి రాకూడదు. వరండాలో నుంచో.”

“అమ్మా, ఒక్క రౌండు...”

“వరండాలో నుంచో అన్నాను.”

ఇంజను రాజుకుంది. కడ్డీ లాగి, గేరు వేసి, నెమ్మదిగా వదిలింది. ట్రాక్టరు ఒక్క కుదుపు కుదిపి కదిలింది. ఎడమ చేతి కింద గుబ్బ జారింది, మళ్ళీ పట్టుకుంది. మొదటి చాలు పాము పాకినట్టు వంకరగా వచ్చింది. రెండోది కాస్త నయం. కోసిన గడ్డి పచ్చివాసన పెరడంతా కమ్ముకుంది. మాస్టారు వరండా మెట్టు మీద, మోకాళ్ళ మీద చేతులు బిగించి కూర్చున్నారు. ముఖం పాలిపోయి ఉంది. అయినా ఈసారి లేచి వెళ్ళిపోలేదు.

అయిదో చాలులో, ఇంటి మూల మలుపు తిరిగి ఆమె కనబడకుండా పోయిన కాసేపటికి, చప్పుడు ఆగింది.

మాస్టారు ఎప్పుడు లేచారో, ఎలా పరుగెత్తారో ఆయనకే తెలీదు. ఒక చెప్పు మెట్ల దగ్గర, ఇంకోటి గడ్డిలో ఊడిపోయాయి. కూతురు ఆయన వెనకే పరుగెత్తింది. మూల తిరిగి చూస్తే, స్పానరమ్మ కర్ర పట్టుకుని ట్రాక్టరు ముందు నిలబడి ఉంది.

“రాయి,” అంది, కర్రతో చూపిస్తూ. “బ్లేడుకి తగులుతుందని దిగాను.”

మాస్టారికి ఊపిరి అందడం లేదు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో కూతురికి అర్థం కాలేదు. ఆమె తండ్రి భుజం పట్టుకుంది.

“చప్పుడు ఆగి నిమిషం కూడా కాలేదు,” అంది స్పానరమ్మ నెమ్మదిగా. “చూశారా? నిమిషం కూడా కాలేదు.”

ఆయన తలూపారు. చాలాసేపు తలూపుతూనే ఉన్నారు. తర్వాత పంచె ఎగ్గట్టి, వంగి, ఆ రాయిని రెండు చేతులా పెకలించి గోడవతల పారేశారు. చేతుల మట్టి దులుపుకుని, సీటు ఎక్కడానికి భార్యకి చెయ్యి అందించబోయి, ఆమె ముఖం చూసి వెనక్కి తీసుకున్నారు.

“ఎక్కు,” అన్నారు. “ఇంకా సగం ఉంది.”

ఆమె తనంతట తానే, అయిదు నిమిషాలు తీసుకుని, ఎక్కింది.