ఆవలి కక్ష్యలో ఆఖరి మాట

"మూడు రెక్కలు కాదండీ, నాలుగు," అన్నాడు ఓంకార్.

అన్నాక గానీ ఆ అమ్మాయి చేతిలో స్పానర్ ఉన్న సంగతి గమనించలేదు.

బెంగళూరు పీణ్యలో ఆదివారం పూట మూసి ఉండాల్సిన లేత్ మిషన్ల షెడ్డు అది. లోపల నాలుగైదు ప్లాస్టిక్ కుర్చీలు, స్టూలు మీద టీవీ, దాని కింద వీసీఆర్. ఆ పక్కనే అల్యూమినియంతో చేసిన జానెడు అంతరిక్ష నౌక. దాన్ని చేసింది ఆ అమ్మాయే. పేరు కాత్యాయని. షెడ్డు వాళ్ళ నాన్న వెంకటగిరియప్పది.

"నాలుగని నీకెవురు చెప్పింది?"

"సీరియల్లో చూశానండీ."

"నేనేమన్నా రేడియోలో వింటినా?"

వెనక కూర్చున్నవాళ్ళు ఘొల్లుమన్నారు. ఓంకార్‌ని వెంటబెట్టుకొచ్చిన సమీనా అందరికంటే గట్టిగా నవ్వింది. ఆమె హూడిలో అతని సాఫ్ట్‌వేర్ ఆఫీసే, పక్క సీటే. ఒకరోజు లంచ్‌లో అతను 'ఆవలి కక్ష్య' పేరెత్తగానే చెంచా కింద పడేసి, "నువ్వూ చూశావా! సండే ఫ్రీయేనా?" అంది. అలా వచ్చి పడ్డాడు.

'ఆవలి కక్ష్య' తొంభై ఏడులో ఓ కేబుల్ చానెల్లో వచ్చిన తెలుగు సీరియల్. భూమికి దారి మర్చిపోయిన ఒక నౌక, దాని కెప్టెన్ నీలవేణి, ఇంజనీరు అభిజిత్. గోడలు థర్మోకోల్ అని తెలిసిపోయేది. నక్షత్రాలు అప్పుడప్పుడూ ఊగేవి. అయినా బాపట్లలో డిగ్రీ చదువుతున్న ఓంకార్ ఆ అరగంట కోసం క్రికెట్ మానుకునేవాడు. కొన్ని వారాలు అలా సాగిందో లేదో, ఒక ఆదివారం అదే టైముకి టీవీలో ఎవరో గుత్తివంకాయ కూర వండుతూ కనిపించారు. ఎందుకు ఆపేశారో ఎవరూ చెప్పలేదు. ఆరేళ్ళయినా ఆ కడుపుమంట చల్లారనివాళ్ళు బెంగళూరులో ఓ పదిమంది తేలారు. కాత్యాయని దగ్గర టేపులున్నాయి కాబట్టి వాళ్ళ షెడ్డే థియేటరు అయింది.

ఆ రోజు టేపు ఆపి, గీతలు గీతలుగా వస్తున్న బొమ్మలో రెక్కలు లెక్కపెట్టారు. ఒకసారి మూడు, ఇంకోసారి నాలుగు. సెట్టు వాళ్ళకే గుర్తున్నట్టు లేదు.

"సరే, ఇద్దరూ రైటే," అంది సమీనా.

"అదెట్ల అయితాది?" అంది కాత్యాయని. ఓంకార్ కూడా అదే అన్నాడు, అదే క్షణంలో. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఠక్కున తల తిప్పేసుకున్నారు.

అప్పటినుంచి అతనికి ఆదివారాలు మారిపోయాయి. బస్సు మీద బస్సు మారి ఊరికి ఈ చివరనుంచి ఆ చివరకి పోవడం అతనికి కష్టమనిపించలేదు. కాత్యాయని మాట మాత్రం సగం అర్థమయ్యేది కాదు.

"నేను నిన్న మీ హూడికి వస్తిని," అందోసారి.

"నిన్న ఎలా వస్తావ్? అయిపోయిందిగా!"

"వస్తిని అంటే వచ్చినానని అప్పా! తెలుగు రాదా నీకి?"

"నాకు వచ్చిన తెలుగు వేరేది."

"సుమ్నే గమ్మున కూర్చో. నేర్పిస్తా."

ఆ గుంపులో ఒక్కటే రూలు. ఆఖరి ఎపిసోడ్‌లో ఆఖరి సీను గురించి ఎవ్వరూ మాట్లాడకూడదు. మొదట్లో ఇద్దరు దాని గురించి వాదించుకుని కాలర్లు పట్టుకునేదాకా వెళ్ళారట. అందుకని ఆ టేపు బీరువాలోంచి బయటికి రాదు.

ఆ సీను ఓంకార్‌కి కంఠతా వచ్చు. అభిజిత్ చెయ్యి చాచి, "భూమికి పోదాం. నాతో వస్తావా?" అంటాడు. నీలవేణి అతని వైపు చూస్తుంది. నౌక తలుపు దగ్గరికి నడుస్తుంది. "తలుపు వేయకు," అని బయటి చీకట్లోకి వెళ్ళిపోతుంది. అంతే. ఆ తర్వాత వంకాయ కూరే.

సెప్టెంబరులో ఒక ఆదివారం సాయంత్రం, అందరూ వెళ్ళిపోయాక వాన పట్టుకుంది. కాత్యాయని గొడుగు పట్టుకుని అతన్ని బస్టాపు దాకా దింపడానికి వచ్చింది. గొడుగు ఒకటే. అతని కుడి భుజం, ఆమె ఎడమ భుజం తడిసిపోతున్నాయి. మధ్యలో ఆనుకున్న రెండు భుజాలు మాత్రం వెచ్చగా ఉన్నాయి.

"నాకు ఇంట్లో సంబంధం చూస్తా ఉండారు," అంది హఠాత్తుగా. "హోసూరు పిల్లోడు."

ఓంకార్ నడక ఆపేశాడు. వారం నుంచి బట్టీ పట్టిన డైలాగులన్నీ వానలో కొట్టుకుపోయాయి. నోటికొచ్చింది ఒక్కటే.

"కాత్యాయనీ... నాతో వస్తావా?"

ఆమె అతని కళ్ళలోకి చూసింది. పెదవుల చివర నవ్వో, వణుకో, ఏదో ఒకటి కదిలింది.

"తలుపు వేయకు," అని, గొడుగు అతని చేతిలో పెట్టి వానలోకి పరుగెత్తింది.

బస్సొచ్చింది, వెళ్ళింది. ఇంకో బస్సు కూడా వెళ్ళింది. ఓంకార్ గొడుగు కింద అలాగే నిలబడ్డాడు. నీలవేణి ఏం చేసింది? అభిజిత్‌ని వదిలేసి వెళ్ళిపోయింది. వద్దని మొహం మీద చెప్పలేక ఆ మాటన్నది. ఇందులో అర్థం కానిదేముంది?

"ఏమంది?" అని మర్నాడు సమీనా గుచ్చిగుచ్చి అడిగింది.

"ఏమీ లేదు. వదిలెయ్."

తర్వాతి ఆదివారం అతను పీణ్య వెళ్ళలేదు. 'ఎందుకు రాలా?' అని ఫోనులో మెసేజ్ వచ్చింది. 'రిలీజ్ ఉంది, బిజీ' అని కొట్టాడు. మళ్ళీ వారం కూడా అంతే. మూడో వారం మెసేజ్ రాలేదు. రాకపోతే ఇంత బాధేమిటో అతనికి తెలియలేదు. కాదన్నది ఆమె. అలిగినట్టున్నదీ ఆమే.

ఒక మధ్యాహ్నం సమీనా కుర్చీ లాక్కుని వచ్చింది. "కాత్యాయని ఆ హోసూరు సంబంధం వద్దందట. వాళ్ళ నాన్న మాట్లాడ్డం మానేశాడట."

"వద్దందా? ఎందుకు?"

"నన్నడుగుతావేం? నీకే తెలియాలి."

అతనికి ఏమీ తెలియలేదు. నన్నూ వద్దని, అతన్నీ వద్దంటే మూడో మనిషి ఎవరో ఉన్నాడన్నమాట. ఎవరు? షెడ్డుకొచ్చే ఆ పొడుగాటి బ్యాంకు క్లర్కా? ఆ రోజు అతను టెస్ట్ చేసిన ప్రోగ్రాములో తప్పులన్నీ తప్పించుకుపోయాయి.

"సండే మిస్ కాకు," అంది సమీనా లేస్తూ. "సీరియల్ రాసినాయన దొరికాడు. భుజంగరావు గారు. జయనగర్లోనే ఉన్నాడట! అందరం వెళ్తున్నాం."

వెళ్ళకూడదనుకున్నాడు. వెళ్ళాడు.

భుజంగరావు ఇప్పుడు నగల షాపులకి ప్రకటనలు రాస్తున్నాడు. హాల్లో చాప మీద కూర్చున్న పదిమందిని చూసి, ఎవరింటికో వెళ్ళవలసినవాళ్ళు పొరపాటున తన ఇంటికి వచ్చారన్నట్టు నిలబడిపోయాడు.

"ఆ సీరియల్ కోసమా? దాన్నెవరూ చూడ్డం లేదనే కదయ్యా ఆపేశారు!"

"మేం చూశాం సార్," అన్నారు నలుగురైదుగురు ఒకేసారి.

తరవాత ఒక గంట ఆయన వింటూ కూర్చున్నాడు. తను మర్చిపోయిన పేర్లు వాళ్ళు చెప్పారు. తను రాసిన మాటలు తనకే అప్పజెప్పారు. మధ్యలో కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కాఫీలు ఇంకోసారి పెట్టమంటాను," అని లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

ఓంకార్ ఒక మూల, కాత్యాయని ఇంకో మూల. ఆమె అతని వైపు చూడలేదు. ఆయన తిరిగొచ్చాక, గుంపులో ఉన్న రూలు మర్చిపోయి అతనే అడిగేశాడు.

"సార్, చివర్లో నీలవేణి 'తలుపు వేయకు' అంటుంది కదా. వస్తాననా, రాననా?"

భుజంగరావు పకపకా నవ్వాడు.

"అది నేను రాయలేదు బాబూ! ఆ రోజు స్టూడియోలో ఏసీ పోయింది. ఆ అమ్మాయి చెమటకి మేకప్ కారిపోతూ, తలుపు దగ్గరున్న కుర్రాడితో 'తలుపు వేయకు' అంది. రీటేక్‌కి టేపు లేదు. తర్వాతి ఎపిసోడ్‌లో ఏదో ఒకటి సర్దుదామనుకున్నాం. తర్వాతి ఎపిసోడే లేకపోయె."

"అంటే దానికి అర్థం..."

"ఏమీ లేదు. అయినా చూడు, పూర్తి చేసుంటే మీరెప్పుడో మర్చిపోయేవాళ్ళు."

"లేదు సార్," అంది కాత్యాయని. "మర్చిపోయినా పర్వాలే, పూర్తి చెయ్యల్ల. సగంలో పెట్టి మాయమైపోతే, ఎదురుచూసేటోల్లకి ఎంత కష్టమో మీకేం తెలుసు?"

అడిగింది భుజంగరావుని. చూసింది ఓంకార్‌ని. చూసి, లేచి బయటికి వెళ్ళిపోయింది.

అతను చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాడు.

"కాత్యాయనీ, ఆగు! నువ్వు కదా వద్దంది!"

"నేనా?" ఆమె గిర్రున తిరిగింది. "నేనెప్పుడంటిని?"

"బస్టాపులో. తలుపు వేయకు అన్నావు."

"అవును! వస్తానని అంటిని!"

"అది వద్దని కాదా?"

"తిరిగి రానోల్లు తలుపు తెరిచి పెట్టమంటారా? నీ తలకాయ! ఆ నమ్మకంతోనే హోసూరోన్ని వద్దంటిని. మా నాయనతో మాటలు పడితిని. నువ్వేమో రిలీజ్, రిలీజ్ అని..."

మిగిలింది ఏడుపులో కలిసిపోయింది. ఓంకార్ వట్టి కాళ్ళతో రోడ్డు మీద నిలబడి, "సారీ... నేను... అంటే నీకు..." అంటూ మాటలు వెతుక్కున్నాడు. చివరికి, "మీ నాన్నగారు ఇప్పుడు ఎక్కడుంటారు?" అన్నాడు.

ఇద్దరూ పీణ్య చేరేసరికి వెంకటగిరియప్ప షెడ్డులోనే ఉన్నాడు. మిషన్లు తుడుస్తున్నాడు. ఓంకార్ మొదట్నించీ చెప్పుకొచ్చాడు. నౌక, నీలవేణి, ఏసీ, వాన, రిలీజ్. చెప్పేకొద్దీ అతనికే తికమకగా ఉంది. కాత్యాయని గడప దగ్గర నిలబడి గోరు కొరుక్కుంటోంది.

పెద్దాయన గుడ్డ పక్కన పెట్టాడు.

"నిలబడప్పా. నా బిడ్డ ఔనన్నది. నువ్వు కాదనుకుంటివి. ఆ రాసినాయనకే ఏమీ తెలీదు. మీ టీవీ బొమ్మ కోసరం నేను నా బిడ్డతో మాట్లాడకుండా ఉంటిని. అంతేనా?"

"అంతేనండీ."

"ఇంగ ఈ కథలొద్దు. ఒకటడుగుతా, నేరుగా చెప్పు. మా కాత్యాయనిని పెండ్లి చేసుకుంటావా?"

"చేసుకుంటానండీ."

"నువ్వేమంటావు తల్లీ?" ఆ మాట అన్న తీరులోనే మూడు వారాల కోపం కరిగిపోయింది.

"చేసుకుంటా నాయనా."

"చూస్తిరా? ఎంతసేపాయె?" అన్నాడు వెంకటగిరియప్ప. జేబులోంచి ఫోను తీసి, "మీ నాయన నంబరు చెప్పు," అన్నాడు.

కంగారులో ఓంకార్ తన నంబరే చెప్పాడు. చొక్కా జేబులో ఫోను మోగింది. తీసి "హలో" అన్నాడు.

ఎదురుగా నిలబడ్డ మామగారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "నమస్కారమప్పా, మీ పిల్లోడు శానా మంచోడు, కానీ కొంచెం నిదానంగా అర్థమయితాది," అన్నాడు.

కాత్యాయని గడప మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది.